మూడు బిల్లుల కుర్చీ

జనవరి 6

టేపు మావయ్యకు,

నీ కొలతల్లో అంగుళం కూడా తేడా రాకుండా నువ్వు కులాసాగా ఉన్నావని నమ్ముతూ, నీ ఏకైక మేనల్లుడు, స్టాటిస్టిక్స్ పట్టభద్రుడు, ప్రస్తుతం కుర్చీలు మోసే పదవిలో ఉన్నవాడు, సవినయంగా రాస్తున్నది. రెండు శుభవార్తలున్నాయి. ఒకటి దేశానిది, ఒకటి నాది. దేశం నాకంటే పెద్దది కాబట్టి ముందు దాని సంగతి.

పేపర్లో చూసే ఉంటావు. ఏప్రిల్ ఒకటి నుంచి అమ్మకం పన్ను రద్దు, ఇంటి పన్ను రద్దు. రెంటికీ బదులు వ్యాపారాల మీద ఒకే ఒక్క పన్ను. అంటే సబ్బు కొనుక్కున్నవాడూ బతికిపోయాడు, గోడ కట్టుకున్నవాడూ బతికిపోయాడు. కాలేజీ చివరి ఏడాది వక్తృత్వ పోటీలో నేను సరిగ్గా ఇదే మాట ఏడు నిమిషాలు వాదించి మొదటి బహుమతి కొట్టానని నీకు గుర్తుండే ఉంటుంది. నా ఉపన్యాసం ప్రభుత్వానికి ఇంత ఆలస్యంగా చేరినందుకు తపాలావాళ్ళని తప్పుపట్టాలి. ఇక జనం ఇళ్ళలోకి దూరి గోడలు కొలిచే మహానుభావులంతా టేపులు చుట్టి జేబులో పెట్టుకుంటారు, లోకం సుఖపడుతుంది.

ఇప్పుడు నా వార్త. కొండ మీది వాతావరణ కేంద్రంలో నాకు ఉద్యోగం వచ్చింది! రెండేళ్ళు. పొద్దున ఎనిమిదింటికోసారి, సాయంత్రం అయిదింటికోసారి వాన కొలిచే గొట్టంలో నీళ్ళెన్ని ఉన్నాయో చూసి రాయాలి. మిగతా సమయమంతా ఆకాశం చూడాలి. దానికి జీతం కూడా ఇస్తారట మావయ్యా. ఏప్రిల్ 25 సాయంత్రంలోగా చేరకపోతే ఉత్తర్వు చెల్లదని ఎర్ర సిరాతో రాశారు. నేను ఇప్పుడే బయల్దేరమన్నా బయల్దేరతాను.

వెళ్ళిపోతున్నాను కాబట్టి మా ఇంటి పద్ధతి భావితరాల కోసం రాసి పెడుతున్నాను. వెనక షెడ్డులో పెదనాన్న కుర్చీ చట్రం చేస్తాడు. బిల్లు రాసి, మేడ మీద ఉన్న నాన్నకి అమ్ముతాడు. నాన్న దానికి పేము అల్లి, బిల్లు రాసి, వీధి వైపు దుకాణంలో ఉన్న తన చెల్లెలికి, అంటే మా అత్తయ్యకి, అమ్ముతాడు. అత్తయ్య పాలిష్ పెట్టి లోకానికి అమ్ముతుంది. "కలిసి ఉంటే కొట్టుకు చస్తారు, ఒకరికొకరు అమ్ముకోండి" అని తాత పోతూ పోతూ పెట్టిన ఏర్పాటు. పదకొండేళ్ళుగా ముగ్గురికీ మాటల్లేవు. ఎందుకు లేవని అడిగితే మూడు చోట్ల మూడు కారణాలు చెప్తారు, మూడూ నిజంలాగే వినిపిస్తాయి. చెప్పుకోవాల్సింది ఉంటే బిల్లు వెనక రాసుకుంటారు. నిన్న నాన్న రాసింది: "వెనక కాలు కుంటుతున్నది. చూసి పంపవలెను." పెదనాన్న జవాబు: "కాలు బాగానే ఉన్నది. మీ మేడ నేల కుంటుతున్నది."

ఈ దౌత్యం మోస్తూ మెట్లెక్కి దిగేవాణ్ణి నేను. మెట్ల మలుపు దగ్గర కుర్చీ తిప్పడానికి ఒకే ఒక్క భంగిమ ఉంది. అది నేను కనిపెట్టిందే, నాతోనే పోతుంది.

ఇట్లు,
త్వరలో కొండెక్కబోవు
నీ మేనల్లుడు


జనవరి 17

మేనల్లుడికి,

ఉత్తరం అందింది. ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. మా అక్క ఉంటే ఈ పాటికి వీధంతా చెప్పి వచ్చేది.

టేపులు చుట్టి జేబులో పెట్టుకునే మహానుభావుల్లో నేనూ ఒకణ్ణని రాసేటప్పుడు నీకు గుర్తులేదనుకుంటాను. గుర్తుండే రాశావా, అయితే మరీ మంచిది. ఇరవై ఏడేళ్ళుగా ఇళ్ళు కొలుస్తున్నాను. మా ఆఫీసులో నలభై ఒక్కమందిమి. సూపరింటెండెంటు ఆ వార్త పైకి చదివాడు. మా ప్యూను, "అయితే ఏప్రిల్ నుంచి తాళం ఎవరు తియ్యాలండీ?" అన్నాడు. అప్పుడు కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. నాకు పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్ళుంది.

నీ ఏడు నిమిషాల్లో చెప్పావో లేదో నాకు తెలీదు గానీ, ఈ కొత్త పన్ను లాభం మీద కాదు. వచ్చిన మొత్తం మీద. వందకి మూడు. వ్యాపారికి మిగిలిందా, ములిగిందా అని అడగరు. ఎన్ని బిల్లులు రాస్తే అన్ని బిల్లుల మీదా కట్టాలి. మీ ఇంట్లో ఒక్కో కుర్చీకి ఎన్ని బిల్లులో ఓసారి చూసుకో.

చలి గాలిలో తిరగకు. కొండ మీద ఇంకా ఎక్కువ ఉంటుంది, ఉన్ని బట్టలు ఇప్పుడే కొనుక్కో.

మీ మావయ్య
(ముందు టేపు అని చేర్చనవసరం లేదు)


ఫిబ్రవరి 2

పూజ్యులైన మావయ్యగారి సముఖమునకు,

నేను, అనగా ఈ ఉత్తరం చివర సంతకం చేసినవాణ్ణి, జనవరి ఆరో తేదీ నాటి నా లేఖలోని రెండో పేరా చివరి వాక్యాన్ని బేషరతుగా ఉపసంహరించుకుంటున్నాను. టేపు మావయ్యా అని మొదలుపెట్టి కూడా, ఆ వాక్యం రాసేటప్పుడు నువ్వు నిజంగానే గుర్తు రాలేదు. నువ్వు నాకెప్పుడూ ఉద్యోగిలా కనిపించలేదు, మావయ్యలాగే కనిపించావు. ఇది క్షమాపణే గానీ కాకాపట్టడం కాదు.

నువ్వు చెప్పినట్టే చూశాను. వక్తృత్వ పోటీలో ఈ ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే బహుమతి వచ్చేది కాదు.

చట్రం షెడ్డులోంచి మేడెక్కితే ఒక పన్ను. అల్లిక పూర్తయి మేడ దిగితే, చట్రం ధరతో కలిపి మళ్ళీ పన్ను. అత్తయ్య అమ్మితే మొత్తానికీ ఇంకోసారి. అంటే మా కుర్చీ గడప దాటి వీధి మొహం చూడకముందే రెండుసార్లు పన్ను కట్టేసింది. ఊరి చివర ఫ్యాక్టరీ ఉంది చూశావూ, అక్కడ ఒక తలుపులోంచి చెక్క వెళ్తుంది, ఇంకో తలుపులోంచి కుర్చీ వస్తుంది. ఒక్క బిల్లు, ఒక్క పన్ను. వాడి కుర్చీ ఇప్పటికే మాకంటే చవక. ఇక చెప్పక్కర్లేదు.

ఈ సంగతి ముగ్గురికీ మూడు విడతలుగా ప్రకటించాను. పెదనాన్న చిత్రిక పట్టడం ఆపకుండానే విన్నాడు.

"మొన్న ఇంటి పన్ను పోయిందని గంతులేశావు కదరా?"

"అది పోయింది పెదనాన్నా. ఇది వచ్చింది."

"తలుపులోంచి పంపించి కిటికీ తీసి పెట్టారన్నమాట. మీ నాన్నకి చెప్పావా?"

"మీరే చెప్పొచ్చుగా? పద్దెనిమిది మెట్లు."

"బిల్లు లేకుండా వెళ్ళి ఏం చెప్పను?"

నాన్న అన్నాడు, "మీ పెదనాన్నని ధర తగ్గించమను." అత్తయ్య అంది, "మీ నాన్నని ధర తగ్గించమను." పెదనాన్న అన్నాడు, "చెక్క వ్యాపారిని తగ్గించమను." ఒకరు తగ్గిస్తే ఆ ఒకరూ మునుగుతారు. ఎవరూ తగ్గించకపోతే ముగ్గురూ కలిసి మునుగుతారు, అదీ మాట్లాడుకోకుండా.

"నువ్వు ఎకనామిక్స్ చదివావుగా?" అంది అత్తయ్య.

"స్టాటిస్టిక్స్ అత్తయ్యా."

"ఏదో ఒకటి. మాకేదో దారి చూపించి నీ కొండకి నువ్వు వెళ్ళు."

విన్నావుగా? దారి చూపించి వెళ్ళమంది. చూపించకుండా వెళ్ళమనలేదు. ఏప్రిల్ 24 సాయంత్రం బస్సెక్కితేనే మర్నాటికి అక్కడ చేరతాను. ఇల్లు ఇలా ఉంటే ఏ మొహం పెట్టుకుని ఎక్కను? నీకు పన్నుల సంగతి తెలుసు. ఏదో ఒకటి చెప్పు మావయ్యా. ఉన్ని కోటు కొన్నాను. ఇక్కడి ఎండకి దాని వంక చూస్తేనే చెమట పడుతోంది.

ఇట్లు,
పశ్చాత్తాపంతో, కోటుతో,
నీ మేనల్లుడు


ఫిబ్రవరి 13

మేనల్లుడికి,

క్షమాపణ ముట్టింది. ఇక ఆ మాట వదిలెయ్.

మీ ముగ్గురిదీ ఒకే సంస్థ అయిపోతే సరిపోతుంది. ఒకే సంస్థ లోపల సరుకు చేతులు మారితే బిల్లు ఉండదు. బిల్లు లేనిచోట పన్ను లేదు. చివర కుర్చీ అమ్మినప్పుడు ఒక్కసారి కడితే చాలు. మార్చి నెలాఖరులోగా నమోదు చేసుకోవాలి. నమోదుకి యజమానిగా ఒక్క పేరే ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్ళలో గానీ చదువుకున్నవాళ్ళలో గానీ ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు.

మమ్మల్ని ఆ కొత్త శాఖకే పంపుతున్నారట. శిక్షణ ఇస్తామన్నారు. నలభై ఒక్కమందికీ కలిపి నిబంధనల పుస్తకం ఒకటే వచ్చింది. దాన్ని సూపరింటెండెంటు ఇంటికి పట్టుకెళ్ళాడు.

నిన్న నేను కొలిచినదే ఆఖరి ఇల్లు అనుకుంటాను. రిటైరైన టీచరమ్మ ఇల్లు. టేపు తియ్యబోతుంటే, "ముందు గది పన్నెండడుగుల మూడంగుళాలు, రాసుకోండి" అంది. ఏళ్ళ తరబడి నా నోటి నుంచి వింటోంది కదా. అయినా కొలిచాను. పన్నెండడుగుల మూడంగుళాలే. వచ్చేస్తుంటే, "ఇక రారా అయితే?" అంది. మంచినీళ్ళు అడిగాను.

మీ మావయ్య


మార్చి 1

మావయ్యా,

ఈ ఉత్తరంలో సంబోధనకి అలంకారాలు చెయ్యడం లేదు. కోపంగా ఉన్నాను. కోపం నాకు అలవాటు లేదు కాబట్టి ఎక్కడైనా తప్పులుంటే దిద్దుకో.

మా ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ దుకాణం బల్ల మీద పడతాయని, అత్తయ్య చదవని ఉత్తరం ఈ ఇంట్లో ఎవరికీ అందదని నీకు తెలియదా? నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి "చదువుకున్నవాళ్ళలో గానీ" అన్న మాటల కింద పెన్సిలు గీత ఉంది. రెండు గీతలు.

ఆవిడ ఒక ఖాళీ బిల్లు తీసి, వెనక ఉపాయమంతా రాసి, మేడ మీదికి పంపింది. సరుకు లేకుండా ఈ ఇంట్లో నడిచిన మొదటి బిల్లు అదే. మోసింది నేనే. నాన్న చదివి రాశాడు: "అన్నయ్య పేరైతే నేను ఒప్పుకోను. కుర్రాడి పేరైతే అభ్యంతరం లేదు." షెడ్డుకి తీసుకెళ్ళాను. పెదనాన్న రాశాడు: "చెల్లెలి పేరైతే నేను ఒప్పుకోను. కుర్రాడి పేరైతే అభ్యంతరం లేదు." దుకాణానికి తెచ్చాను. అత్తయ్య నా ఎదురుగానే రాసింది: "ఇద్దరన్నయ్యల్లో ఎవరి పేరైనా నేను ఒప్పుకోను. కుర్రాడి పేరైతే అభ్యంతరం లేదు." పదకొండేళ్ళలో వీళ్ళు ముగ్గురూ ఒప్పుకున్న ఒకే ఒక్క మాట, మావయ్యా, అది నన్నే కట్టేసింది. దాన్ని నేనే మెట్లెక్కించి, మెట్లు దించి, అందరి సంతకాలూ తెచ్చుకున్నాను!

నాన్నతో వాతావరణ కేంద్రం గురించి మళ్ళీ చెప్పాను. అల్లుతున్నవాడు తలెత్తలేదు. "ఆకాశం ఎక్కడికి పోతుందిరా?" అన్నాడు. నవ్వేసి వచ్చాను.

ఇంటి పన్ను మీద ఒక్క వేళాకోళం ఆడినందుకు నువ్వు నా మీద ఇంత కక్ష పెట్టుకుంటావనుకోలేదు. "పెద్దవాళ్ళలో" అని ఆపేస్తే నీ కలం అలిగేదా?

అమ్మ పోయాక బిల్లు లేకుండా నాతో మాట్లాడేవాడివి నువ్వొక్కడివే. అందుకే ఇదంతా నీకు రాస్తున్నాను.

మేనల్లుడు


మార్చి 9

మేనల్లుడికి,

కక్ష అన్న మాట రెండుసార్లు చదివాను. అలాంటిదేమీ లేదు. నీకు తెలుసు, అయినా రాశావు. సరే.

నేను రాసింది పుస్తకంలో ఉండే వాక్యం. ఇరవై ఏడేళ్ళు ఫారాలు నింపినవాడు ఉత్తరం రాసినా ఫారంలాగే రాస్తాడు. మీ ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వొక్కడివే అని రాసేటప్పుడు తట్టలేదు. నువ్వు నన్ను మర్చిపోయి రాశావు, నేను నిన్ను మర్చిపోయి రాశాను. చెల్లుకి చెల్లు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. భయపడకుండా సంతకం పెట్టు. పని మొదలుకానీ. ఆ తర్వాత నీ పేరు తీసేసి ముగ్గురి పేర్లూ ఉమ్మడిగా రాయించవచ్చు. అక్షర క్రమంలో రాస్తారు కాబట్టి ముందెవరు, వెనకెవరు అన్న గొడవ ఉండదు. దీనికి అరపేజీ దరఖాస్తు చాలు. ఇళ్ళకి అలాంటి పేరు మార్పులు నా చేత్తో మూడు వేలకి పైగా చేశాను. పోయినవాళ్ళ పేర్లు తీసి పిల్లల పేర్లు రాశాను, విడిపోయినవాళ్ళవి విడదీశాను. ఏదీ పది రోజులు దాటలేదు. దరఖాస్తు నమూనా దీంతో పంపుతున్నాను. పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట ముగ్గురి చేతా సంతకాలు పెట్టించి, ఏప్రిల్ మొదటి వారంలో నాకు పంపు. నేనే వెళ్ళి ఇస్తాను. ఏప్రిల్ 24న నువ్వు బస్సులో ఉంటావు. ఇది నా మాట.

కిటికీ పక్క సీటు తీసుకో. కొండదారిలో కడుపులో తిప్పుతుంది.

మీ మావయ్య


ఏప్రిల్ 3

మహారాజశ్రీ మావయ్యగారికి, ఒకానొక కుర్చీల సంస్థ యజమాని (తాత్కాలికం) ఆశీర్వదించి రాయించునది.

నేనిప్పుడు నీకంటే పై హోదాలో ఉన్నాను కాబట్టి ఆశీర్వదిస్తున్నాను. మూడు వారాలు మాత్రమే, ఓర్చుకో.

నమోదు జరిగిపోయింది. ఆఫీసుకి ముగ్గురూ మూడు ఆటోల్లో వచ్చారు. ఒకే ఇంటి నుంచి. మూడు బెంచీల మీద విడివిడిగా కూర్చున్నారు. గుమాస్తా తల ఎత్తకుండా "యజమాని ఎవరు?" అన్నాడు. ముగ్గురి చూపుడువేళ్ళూ ఒకేసారి నా వైపు తిరిగాయి. గుమాస్తా అప్పుడు తల ఎత్తి, "నేరం ఎవరు చేశారని అడగలేదండీ" అన్నాడు. సంతకం పెట్టాను. నాలుగు చోట్ల.

ఏప్రిల్ ఒకటిన బిల్లులు లేని మొదటి రోజు. పెదనాన్న చట్రం పూర్తి చేసి, చేత్తో పట్టుకుని, షెడ్డు గుమ్మంలో అలాగే నిలబడ్డాడు.

"దీన్నేం చెయ్యాలి?"

"మేడ మీదికి పంపాలి."

"బిల్లు?"

"లేదుగా, ఇక."

"మరి ఇది నేను చేశానని వాడికెలా తెలుస్తుంది?"

"ఈ లోకంలో నాన్నకి చట్రం చేసి పంపేది మీరొక్కరే కదా పెదనాన్నా."

ఆయన సుద్దముక్కతో కుర్చీ అడుగున తన గుర్తు గీసి ఇచ్చాడు.

చెప్పుకోవాల్సినవన్నీ ఇప్పుడు నా నోటి గుండా నడుస్తున్నాయి. "యజమానిగారూ, మీ నాన్నతో చెప్పండి, కుడి చెయ్యి దగ్గర అల్లిక వదులయింది." "యజమానిగారూ, మీ అత్తయ్యతో చెప్పండి, వదులయింది అల్లిక కాదు, ఆవిడ చూపు." మెట్ల మలుపులో నాకొక బల్ల, కుర్చీ వేశారు. మూడు వైపులకీ వినపడే చోటు అదొక్కటేనట. మొదటి రోజు మధ్యాహ్నం అన్నం తినడానికి అరగంట లేచాను. తిరిగి వచ్చేసరికి మూడు చోట్లా పని ఆగిపోయి ఉంది. అత్తయ్య పాలిష్ గుడ్డ చేత్తో పట్టుకుని, "ఎక్కడికి పోయావురా చెప్పకుండా?" అంది. కోపంగా కాదు మావయ్యా, కంగారుగా. ఆ కంగారు నాకు నచ్చలేదు.

నీ దరఖాస్తు దీంతో పంపుతున్నాను. ముగ్గురూ సంతకాలు పెట్టారు. "ఎందుకిది?" అని ఒక్కరూ అడగలేదు. యజమాని పెట్టమన్నాడు, పెట్టారు. 24 సాయంత్రం ఆరున్నర బస్సు, కిటికీ పక్క సీటు, టిక్కెట్టు నా జేబులో ఉంది. గంటకోసారి తడిమి చూసుకుంటున్నాను.

ఇట్లు,
ఇరవై ఒక్క రోజుల ప్రభువు


ఏప్రిల్ 15

మేనల్లుడికి,

ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడు కాగితాలు చింపాను.

నిబంధనల పుస్తకం నా వంతుకి మొన్న వచ్చింది. అరవై నాలుగో పేజీలో ఉంది. నేను నీకిచ్చిన దరఖాస్తు ఇళ్ళకి పనికొస్తుంది. వ్యాపారానికి పనికిరాదు. ఇల్లు కదలదు కాబట్టి పేరు మార్చుకోనిస్తారు. వ్యాపారం కదులుతుంది కాబట్టి పేరు కదలకూడదట. ఏడాది మధ్యలో యజమాని పేరు మారితే, పాత యజమాని మొత్తం వ్యాపారాన్ని కొత్తవాళ్ళకి అమ్మేసినట్టే లెక్క. చెక్క, పనిముట్లు, చేసిన సరుకు, అన్నిటి విలువ మీదా వందకి ఇరవై కట్టాలి. పేరు మార్చకుండా నువ్వు వెళ్ళిపోవడానికీ లేదు. ప్రతి నెలా మొదటి సోమవారం యజమాని స్వయంగా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. వచ్చే మార్చి ముప్పై ఒకటి దాకా ఇంతే.

కౌంటరు దగ్గర మా సూపరింటెండెంటే కూర్చున్నాడు. నేనిచ్చిన కాగితం చూసి, "ఇరవై ఏడేళ్ళు ఇళ్ళే కదయ్యా చూశావు, పొరపాటు పడ్డావు" అన్నాడు. ఆయన జాలిపడి అన్న మాట. దానికంటే తిట్టినా బాగుండేది. ఈ ఇరవై ఏడేళ్ళలో ఒక్క గది తప్పు కొలవలేదు నేను. కొలవక కొలవక కొలిచింది నీ విషయంలోనా?

ఒక దారి ఉంది. ఆ వందకి ఇరవై కట్టేస్తే పేరు మార్పు ఆ రోజే చేస్తారు. ముగ్గురూ తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. ఒక్క దఫా చెక్క కొనడం ఆపాలి, అంతే. ముగ్గురి పొట్టలూ కొట్టేంత మొత్తం కాదు. నా దగ్గరున్నది నేను పంపుతాను, సగానికైనా వస్తుంది.

మీ అత్తయ్య ఈ ఉత్తరం చదువుతుందని తెలుసు. ఈసారి చదవాలనే రాస్తున్నాను. చెల్లెమ్మా, తప్పు నాది. వాడిది ఏమీ లేదు. వాడు నన్ను నమ్మి సంతకం పెట్టాడు. ముగ్గురూ ఒక్కసారి ఆలోచించండి. 24 లోపల.

మావయ్య


ఏప్రిల్ 26

మావయ్యా,

ముందు నీ పని. నువ్వు పంపిన డబ్బు మర్నాడే వెనక్కి పంపాను, ఈ పాటికి అంది ఉంటుంది. మళ్ళీ పంపితే మళ్ళీ పంపుతాను, మన ఇద్దరి మధ్యా తపాలావాళ్ళు బాగుపడతారు. నువ్వు తప్పు కొలిచావని నేను అనుకోవడం లేదు. నీ టేపు మంచిదే. మా ఇల్లే ఏ కొలతకీ లొంగదు. మొన్నటి బస్సు టిక్కెట్టు ఇంకా నా జేబులోనే ఉంది.

నీ ఉత్తరం 19న వచ్చింది. అత్తయ్య చదివి, కవరు మళ్ళీ జిగురుతో అతికించి ఇచ్చింది. జిగురు ఇంకా తడిగా ఉంది. అతికించడం ఇదే మొదటిసారి. ఆ రోజు ఏమీ అనలేదు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఎవరూ ఏమీ అనలేదు. నేను నా బల్ల దగ్గర కూర్చుని కబుర్లు అటూ ఇటూ మోశాను. అడగలేదు. వాళ్ళంతట వాళ్ళు అంటారని చూశాను. మధ్యమధ్యలో జోకులు వేశాను. నీకు తెలుసుగా, నోరు ఊరుకోదు.

23 మధ్యాహ్నం షెడ్డులో పెదనాన్న లేడు. పూర్తయిన చట్రం ఉంటే నేనే నెత్తికెత్తుకుని మెట్లెక్కాను. మలుపు దాటాక, నాన్న గదిలోంచి మాటలు వినపడ్డాయి. మూడు గొంతులు. పదకొండేళ్ళలో పెదనాన్న ఆ గది గడప తొక్కలేదు. అక్కడే ఆగిపోయాను.

"తలా కొంత వేసుకుందాం. ఎంతని? పెద్దన్నయ్యా, నువ్వు ఈ దఫా చెక్క ఆపు, చాలు" అంటోంది అత్తయ్య.

"ఆపుతాను. నేను చెక్క గురించి ఆలోచించట్లేదు."

"మరి?" అన్నాడు నాన్న.

"వాడు వెళ్ళాక కుర్చీ నీ దగ్గరికి ఎవరు తెస్తారు?"

"నువ్వే తే."

"తెస్తాను. తెచ్చి ఏమనాలి?"

కుర్చీ అంచు నా నడినెత్తిన గుచ్చుకుంటోంది. దించితే చప్పుడవుతుంది.

"ఒక్క ఏడాదే కదా" అన్నాడు నాన్న చివరికి.

"వాడికి వెళ్ళాలని గట్టిగా ఉందేమోరా" అంది అత్తయ్య. నాన్నని 'రా' అనడం నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు అనేదేమో.

"ఉంటే చెప్పడూ? ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు" అన్నాడు పెదనాన్న. "నిన్న కూడా యజమాని ఆజ్ఞ అని నా ఉలి దాచేశాడు. వెళ్ళాలని ఏడ్చేవాడు అలా ఉంటాడా?"

"అవును, వాడికేం బాధ లేదు" అన్నాడు నాన్న.

అలా తేల్చేశారు మావయ్యా. నేను లోపలికి వెళ్ళి, నవ్వకుండా, "నాకు వెళ్ళాలనుంది" అనొచ్చు. మూడే మెట్లున్నాయి. ఆ వాక్యం మనసులో మూడు నాలుగుసార్లు అని చూసుకున్నాను. ఎలా అన్నా అది నా గొంతులా లేదు. ఇంతలో వాళ్ళు వేరే కబుర్లలో పడ్డారు. అత్తయ్య మోకాలికి పెదనాన్న ఏదో నూనె చెప్తున్నాడు. దాన్ని వాళ్ళమ్మ ఎలా కాచేదో నాన్న చెప్తున్నాడు. అలా కాదని అత్తయ్య. నువ్వప్పుడు గుడ్డల్లో ఉన్నావు నీకేం తెలుసని పెదనాన్న. నాన్న పెద్దగా నవ్వాడు. అమ్మ పోయాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

నేను కదిలితే మెట్టు కిర్రుమంటుంది. మెట్టు కిర్రుమంటే ఆ మాటలు ఆగిపోతాయి. అందుకని కదల్లేదు. ఎంతసేపో తెలీదు. మెడ మొద్దుబారింది. చివరికి ఒక చెయ్యి జారి, కుర్చీ కాలు గోడకి ఠప్పున తగిలింది.

లోపల మాట తెగిపోయింది.

"ఎవరూ?" అంది అత్తయ్య.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను.

"యజమానిని" అన్నాను.

ముగ్గురూ ఒకేసారి పగలబడి నవ్వారు. నవ్వుతూనే పెదనాన్న బయటికొచ్చి కుర్చీ అందుకున్నాడు. నేనూ నవ్వాను.

నేను అందామనుకున్నది అది కాదు.

నీ మేనల్లుడు